బండి బాగుపడాలి, బిడ్డ బాగుండాలి

(ఆసుపత్రిలో రోగుల కుటుంబ సభ్యుల కొరకు జరిగిన ఆరోగ్య అవగాహన కూడికలో పిల్లల వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



 మీలో చాలామంది రాత్రంతా వార్డు బయట బెంచీల మీద గడిపి ఈ కూడికకు వచ్చారని నాకు తెలుసు. మీవారు త్వరగా కోలుకోవాలని మేమందరం ప్రార్థిస్తున్నాము. మీరు ఏ మతానికి చెందినవారైనా, ఈ అరగంట నేను చెప్పే మాటలు మీ ఇంటికి పనికివస్తాయని ఆశిస్తున్నాను.

ఈ కూడికల్లో మామూలుగా షుగరు గురించి, రక్తపోటు గురించి, క్షయ గురించి చెబుతుంటాము. ఈ రోజు విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు. పాత మోటారు సైకిళ్ళ వైరింగ్ బాగుచేయడం, తీగలకు సోల్డరింగ్ పెట్టడం గురించి మాట్లాడబోతున్నాను. "అది మెకానిక్కుకు చెప్పవలసిన మాట గాని మాకెందుకమ్మా?" అని మీరు అడగవచ్చు. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక బిడ్డ సంగతి చెప్పాలి.

మూడుసార్లు వచ్చిన బిడ్డ

కొన్ని సంవత్సరాల క్రితం ఒక నాయనమ్మ మూడేళ్ళ మనవణ్ణి చంకనేసుకుని నా గదికి వచ్చింది. వెనక కోడలు. "డాక్టరమ్మా, వీడికి కడుపునొప్పి తగ్గడం లేదు. మూడు రోజులకొకసారి గాని విరేచనం కాదు. అన్నం పెడితే పళ్ళెం తోసేస్తాడు, గోడ సున్నం మాత్రం గీకి తింటాడు" అంది. బిడ్డ పాలిపోయి ఉన్నాడు. రక్తపరీక్షలో రక్తహీనత కనిపించింది. నులిపురుగుల మందు, ఐరన్ టానిక్కు రాసి పంపాను. రెండు నెలలకు మళ్ళీ వచ్చారు. అదే మందు మోతాదు పెంచి రాశాను. మూడవసారి వచ్చినప్పుడు తల్లి కన్నీళ్ళు పెట్టుకుంది. చిన్న చిన్న మాటలు కలిపి మాట్లాడుతున్న పిల్లవాడు మాటలు తగ్గించేశాడట.

అప్పుడు అడిగాను, "వీళ్ళ నాన్న ఏం పని చేస్తాడమ్మా?" అని.

"పాత బుల్లెట్లకు, జావాలకు వైరింగ్ చేస్తాడండీ. ఎక్కడెక్కడి నుంచో బండ్లు తెస్తారు. ఇంటి వసారాలోనే పని" అంది.

ఆ ప్రశ్న నేను మొదటి రోజే అడిగి ఉండవలసింది. అడగలేదు. ఆ ఆలస్యానికి బాధ్యురాలిని నేనే.

బిడ్డ రక్తంలో సీసం ఎంత ఉందో పరీక్ష చేయించాము. ప్రత్యేకమైన మందు ఇవ్వవలసిన స్థాయికి చేరలేదు గాని చాలా ఎక్కువగానే ఉంది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆరోగ్య కార్యకర్తతో కలిసి వాళ్ళింటికి వెళ్ళాను. వసారాలో బల్ల, బల్ల మీద సోల్డరింగ్ ఐరన్, పక్కన హెడ్‌లైట్ డూమ్ విప్పిన బుల్లెట్ బండి. మూలన పగలగొట్టిన పాత బ్యాటరీలు. గచ్చు మీద సన్నని బూడిదరంగు పొడి. ఆ పొడిలో బిడ్డ ఆడుకునే చెక్క ఎడ్లబండి.

పాత బండ్ల మీద ఇంత ప్రేమ ఎందుకు?

ఈ పనిని తప్పుపట్టడానికి నేను ఇక్కడ నిలబడలేదు. మన ప్రభువు వడ్రంగి ఇంట పెరిగినవారు. చేతిపనిని తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకు లేదు.

బుల్లెట్ బండ్లు మన దేశంలో 1955లో మద్రాసులో తయారుకావడం మొదలైంది. మైసూరులో 1961 నుండి జావా, తరువాత యెజ్దీ బండ్లు 1996 వరకు తయారయ్యాయి. రాజ్‌దూత్ మీద పాలక్యాన్లు కట్టుకుని తిరిగినవారు మీలోనే ఉండి ఉంటారు. తాతగారి బండి, నాన్నగారి బండి అని ఈ రోజుల్లో మనవలు వాటిని దుమ్ము దులిపి బయటికి తీస్తున్నారు. మంచిదే. కాని ముప్పై, నలభై, అరవై సంవత్సరాల బండిలో ఇంజిన్ కంటే ముందు పాడైపోయేది వైరింగ్. తీగ మీది రబ్బరు ఎండి పెళుసుబారుతుంది. లోపలి రాగి నల్లబడుతుంది, పచ్చబడుతుంది. ఎవరో ఎప్పుడో ఫ్యూజు కాలిపోతే సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టి పెట్టి ఉంటారు. అది కాలదు గనుక తీగలే కాలుతాయి. చీకటి రోడ్డు మీద ఉన్నట్టుండి హెడ్‌లైట్ ఆరిపోతే ఏమవుతుందో అత్యవసర విభాగంలో పనిచేసే మాకు వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి వైరింగ్ బాగుచేయాలి. అది ప్రాణాలు కాపాడే పనే.

అయితే ఆ పనిలో సీసం ఉంది. బండిని బాగుచేసే చేతుల నుండి అది బిడ్డ నోటికి వెళ్ళే దారి ఒకటి ఉంది. ఆ దారిని మూసివేయడం గురించే ఈ రోజు నా ప్రసంగం.

సీసం ఎక్కడ ఉంది?

మొదటిది, సోల్డరు తీగలో. రీలు మీద 60/40 అని ఉంటే దానిలో 60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం అని అర్థం. 63/37 అంటే సీసం 37 పాళ్ళు. ఇది 183 డిగ్రీల వేడికే కరిగి చక్కగా అంటుకుంటుంది గనుక మెకానిక్కులకు ఇష్టం. ఐరోపా దేశాల్లో 2006 జూలై నుండి కొత్త ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం వాడకాన్ని చాలావరకు ఆపివేశారు. కాని మరమ్మతు పనుల కోసం సీసం కలిసిన రీళ్ళు మన అంగళ్ళలో నేటికీ దొరుకుతున్నాయి.

రెండవది, బ్యాటరీలో. ఇదే అన్నిటికంటే ప్రమాదకరమైనది. పాత 6 వోల్టుల బండికి ఆనాటి నల్లరబ్బరు పెట్టె బ్యాటరీ ఉంటేనే అందం అని యజమానులు కోరుకుంటారు. అందుకని చచ్చిపోయిన పాత బ్యాటరీ పైభాగం కోసి, లోపలి సీసపు పలకలు పెకలించి, ఆ ఖాళీ పెట్టెలో చిన్న కొత్త బ్యాటరీని దాచిపెడతారు. పలకల మీది ముద్ద ఎండితే మెత్తని పొడి అవుతుంది. ఆ ఇంటి గచ్చు మీద నేను చూసిన బూడిదరంగు పొడి అదే.

మూడవది, పాత తీగల మీది ప్లాస్టిక్ తొడుగులో. పూర్వం పి.వి.సి. తొడుగు వేడికి చెడిపోకుండా ఉండడానికి దానిలో సీసపు రసాయనాలు కలిపేవారు. తొడుగు పాతబడి పొడిగా రాలితే, ఆ పొడిలో కూడా సీసం ఉండవచ్చు.

బిడ్డ దగ్గరికి ఎలా వస్తుంది?

చాలామంది "పొగ పీల్చకపోతే చాలు, సీసం రాదు" అనుకుంటారు. ఇది సరికాదు. సోల్డరింగ్ ఐరన్ మొన సాధారణంగా 300 నుండి 400 డిగ్రీల వేడిలో ఉంటుంది. సీసం మరగాలంటే 1700 డిగ్రీలు దాటాలి. కనుక ఐరన్‌తో చేసే మామూలు సోల్డరింగ్ పొగలో సీసం చాలా తక్కువ. అయితే సీసపు ముద్దలను గరిటెలో వేసి పొయ్యి మీదో, గ్యాస్ మంట మీదో కరిగించడం వేరు. అక్కడ సీసపు ఆవిరి, తెట్టు, పొడి అన్నీ వస్తాయి. ఆ పని ఇంట్లో ఎన్నడూ చేయకూడదు.

సోల్డరింగ్ చేసేవారికి సీసం అంటేది వేళ్ళకు. రీలు పట్టుకున్న వేళ్ళతోనే బీడీ కాలుస్తారు, టీ గ్లాసు పట్టుకుంటారు, మధ్యాహ్నం అన్నం కలుపుకుంటారు. కొందరు రెండు చేతులూ ఖాళీ లేక సోల్డరు తీగను పళ్ళ మధ్య పెట్టుకుంటారు. సాయంత్రం అదే చొక్కాతో బిడ్డను ఎత్తుకుంటారు. పాకే బిడ్డ చేతులు నేల మీద, మరుక్షణం నోట్లో ఉంటాయి. సీసం ఇంటికి చేరే దారి ఇంత చిన్నది.

సీసం ఏమి చేస్తుంది?

ఒకే మోతాదు సీసం మింగితే పెద్దవారి కంటే చిన్నపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఐరన్, కాల్షియం తక్కువగా ఉన్న బిడ్డలో ఇంకా ఎక్కువ. అంటే రక్తహీనత ఉన్న బిడ్డకు సీసం ఎక్కువగా ఎక్కుతుంది, ఎక్కిన సీసం రక్తహీనతను ఇంకా పెంచుతుంది. ఆ బిడ్డ విషయంలో జరిగింది ఇదే.

లక్షణాలు ఇవి: కడుపునొప్పి, మలబద్ధకం, ఆకలి లేకపోవడం, పాలిపోవడం, చిరాకు, నిద్ర సరిగా లేకపోవడం, మట్టి, సున్నం తినడం. ఎక్కువైతే వాంతులు, మూర్ఛలు కూడా రావచ్చు. కాని చాలామంది పిల్లల్లో ఏ లక్షణమూ కనిపించదు. మెదడు ఎదుగుదల మాత్రం లోలోపల దెబ్బతింటుంది. చదువు, ఏకాగ్రత, నడవడి మీద దాని ప్రభావం తరువాత తెలుస్తుంది.

"ఎంత వరకు ఫర్వాలేదు డాక్టరమ్మా?" అని అడుగుతారు. ఇంతవరకు ఉంటే ఏ హానీ లేదు అని చెప్పగల మోతాదు తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమెరికా ఆరోగ్య శాఖవారు పిల్లల రక్తంలో, ఒక డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు ఉంటేనే జాగ్రత్తపడాలని 2021లో నిర్ణయించారు. అంతకుముందు 2012 నుండి అది 5గా ఉండేది. తెలివి పెరిగేకొద్దీ ఆ గీతను కిందికే దించుతూ వచ్చారు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి, అంటే దాదాపు 80 కోట్ల మందికి, 5 గాని అంతకు మించి గాని ఉండవచ్చని యునిసెఫ్ 2020లో ఒక నివేదికలో చెప్పింది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 సంవత్సరంలో ఆగిపోయింది. గాలిలో సీసం తగ్గింది. కాని వసారాలో మనమే తెచ్చిపెట్టుకునే సీసాన్ని ఏ చట్టం వచ్చి తుడుస్తుంది?

గర్భిణుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సీసం తల్లి రక్తం నుండి మాయ ద్వారా కడుపులోని బిడ్డకు చేరుతుంది. ఏడవ నెలలో కూతుర్ని పురుటికి పుట్టింటికి తెచ్చుకుంటాము. తమ్ముడు అదే ఇంటి వసారాలో పాత బ్యాటరీలు విప్పుతుంటాడు. ఎవరికీ తోచదు. దయచేసి ఇక మీదట తోచాలి.

పొగ సంగతి

పొగలో సీసం తక్కువని చెప్పాను గాని, పొగ మంచిదని చెప్పలేదు. సోల్డరు తీగ నడుమ రోజిన్ అనే పదార్థం ఉంటుంది. అది పైన్ చెట్టు బంక నుండి తీస్తారు. ఐరన్ తగలగానే తెల్లని పొగ లేచి, ముక్కుకు ఘాటుగా తగులుతుంది. "సాంబ్రాణి కూడా చెట్టు బంకే కదా, ఏమవుతుంది?" అంటారు. ఈ రోజిన్ పొగ వృత్తి వలన వచ్చే ఉబ్బసానికి పేరుపడిన కారణాలలో ఒకటి. వంగి పనిచేసేవాని ముఖానికి ఆ పొగ నేరుగా తగులుతుంది. మొదట కళ్ళు మంట, ముక్కు కారడం. తరువాత రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు. సెలవు రోజుల్లో తగ్గి, పని మొదలుపెట్టగానే తిరగబెడితే అది పని వలన వచ్చిన ఉబ్బసం కావచ్చు. ఒకసారి శరీరానికి పడకుండా పోయిందంటే, ఆపైన కొద్దిపాటి పొగకే ఊపిరి బిగుసుకుంటుంది.

సీసం లేని సోల్డరు వాడితే ఈ పొగ ఉండదని అనుకోవద్దు. దానిలోనూ చాలావరకు రోజిన్ ఉంటుంది. పైగా అది దాదాపు 217 డిగ్రీలకు గాని కరగదు గనుక వేడి ఎక్కువ పెట్టాలి. పొగ కూడా పెరగవచ్చు. బిడ్డ కోసం సీసం లేని సోల్డరు మేలు. ఊపిరితిత్తుల కోసం గాలి మేలు. రెండూ కావాలి.

మీ ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు, గుండెజబ్బుతో డిశ్చార్జి అయి వచ్చినవారు ఉంటే, వారి మంచం ఉన్న వసారాలో ఈ పని పెట్టనే పెట్టకూడదు. పేస్‌మేకర్ అమర్చినవారు, నడుస్తున్న ఇంజిన్ మీదికి, ఇగ్నిషన్ కాయిల్ దగ్గరికి వంగకూడదు. వారి వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి.

మరి రెండు పొగలు

పాత తీగల మీది తొడుగు ఒలవడం ఆలస్యమని వాటిని కుప్పవేసి కాల్చి రాగి తీస్తారు. పి.వి.సి. కాలితే ఊపిరితిత్తులను కోసే ఆమ్లపు పొగ, డయాక్సిన్లనే విషాలు పుడతాయి. పాత తొడుగులోని సీసం బూడిదలో మిగిలిపోతుంది. పెరట్లో కోళ్ళు ఆ బూడిదలో పొర్లుతాయి, పిల్లలు ఆడుతారు. తీగలను కాల్చవద్దు.

రెండవది చాలామందికి తెలియనిది. 1950, 60ల నాటి బ్రిటిష్ బండ్లలో కొన్నింటికి పలకలు పలకలుగా పేర్చినట్టు ఉండే రెక్టిఫయరు ఉంటుంది. దానిలో సెలీనియం అనే పదార్థం ఉంటుంది. అది మాడితే కుళ్ళిన వెల్లుల్లి వంటి దుర్వాసన వస్తుంది. ఆ పొగ విషం. వాసన రాగానే కరెంటు ఆపి బయటికి వచ్చేయాలి. గాలి ఆడిన తరువాతే లోపలికి వెళ్ళాలి. దాన్ని మార్చి, కొత్త డయోడ్ రెక్టిఫయరు వేయించడం మంచిది.

మంటలు, ఆమ్లం

వైరింగ్ చాలావరకు పెట్రోలు ట్యాంకు కింద నుండే పోతుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. కంటికి కనబడకుండా నేలబారున పాకుతుంది. అందుకే ఐరన్ వేడిపెట్టే ముందు ట్యాంకు విప్పి దూరంగా పెట్టాలి. బ్యాటరీ తీగ తప్పించాలి.

ఏ తీగ ముందు తప్పించాలి? ఫ్రేముకు కలిసిన తీగ. ఇక్కడ పాత బండ్లలో ఒక చిక్కు ఉంది. ఆనాటి బ్రిటిష్ బండ్లు చాలావాటిలో ఫ్రేముకు కలిపేది పాజిటివ్ వైపు. వాటిలో ఎర్రతీగే ఎర్తు. ఈనాటి అలవాటు ప్రకారం కలిపితే సామాను మాడిపోతుంది. కనుక రంగును నమ్మకుండా, తీగ ఎక్కడికి పోతుందో చూసి, ఫ్రేముకు పోయేది ముందు విప్పాలి, చివర కలపాలి. ఉంగరం, లోహపు గడియారం తీసివేయాలి. 6 వోల్టులకు షాకు కొట్టదు, నిజమే. కాని బ్యాటరీ మొనకూ ఫ్రేముకూ మధ్య ఉంగరం తగిలితే క్షణంలో ఎర్రగా కాలి వేలిని కాల్చుతుంది.

ఛార్జింగు పెట్టిన బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వస్తుంది. దగ్గర బీడీ, నిప్పురవ్వ ఉంటే పేలుతుంది.

చెయ్యి కాలితే వెంటనే 20 నిమిషాలు ధారగా పారే చల్లని నీటి కింద ఉంచండి. గాజులు, ఉంగరాలు తీయండి. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి రండి. టూత్‌పేస్టు, ఇంకు, నెయ్యి, పసుపు, ఐసు ఏవీ పెట్టవద్దు. కంట్లో ఆమ్లం పడితే రెప్పలు తెరిచి పట్టి కనీసం 20 నిమిషాలు నీళ్ళతో కడిగి, ఆ తరువాత బయలుదేరండి. కడగకుండా పరుగెత్తుకు వస్తే దారిలోనే చూపు పోవచ్చు.

మంచి అతుకు, తక్కువ పొగ

పని తెలిసినవాడు ఒకసారి పెట్టే అతుకును తెలియనివాడు నాలుగుసార్లు పెడతాడు. నాలుగు రెట్ల పొగ పీలుస్తాడు. కనుక మీ ఇంట్లో ఈ పని చేసే పిల్లలకు ఇవి చెప్పండి. నల్లబడిన రాగికి సోల్డరు అంటదు. మెరిసే రాగి వచ్చేవరకు తీగ కోయాలి. పాత్రలకు కళాయి పెట్టినట్టు ఐరన్ మొనకు ముందు సోల్డరు పూత పెట్టాలి. వేడి తీగకు ఇవ్వాలి, తీగ వేడికి సోల్డరు కరగాలి. చల్లారేదాకా కదపకూడదు. ఆమ్లం ఉండే పేస్టులు తీగలకు వాడకూడదు, కొన్నాళ్ళకు రాగిని తినేస్తాయి.

ఇంకొక మాట. సోల్డరు పాకినంత మేర తీగ గట్టిపడుతుంది. బండి అదురుకు సరిగ్గా ఆ అంచు దగ్గరే తెగుతుంది. అందుచేత హ్యాండిల్ తిరిగేచోట, తీగ వంగేచోట సోల్డరు అతుకు పెట్టరాదు. మంచి క్రింపింగు పటకారుతో తొడుగు నొక్కి, దాని మీద వేడికి ముడుచుకునే స్లీవు వేస్తే చాలాచోట్ల సోల్డరే అక్కరలేదు. పొగా లేదు, సీసమూ లేదు.

ఇంటివారు చేయవలసినవి

అమ్మలారా, అక్కలారా, ఈ భాగం ముఖ్యంగా మీ కొరకు. ఐరన్ పట్టుకునేది మగవారైనా, ఇల్లు కాచేది మీరే.

1. పనిని ఇంటి నుండి, ముఖ్యంగా పడక, వంట, ఆటల చోటు నుండి వేరు చేయించండి. వేరే షెడ్డు లేకపోతే, గాలి ఆడే ఒక మూలను కేటాయించి బిడ్డలను అటు రానివ్వకండి.

2. పొగను ముఖం నుండి పక్కకు లాగేలా చిన్న ఫ్యాను పెట్టించండి. మామూలు గుడ్డ మాస్కు ఈ పొగను ఆపదు. కళ్ళద్దాలు తప్పనిసరి.

3. పనిచోట తినడం, తాగడం, పొగతాగడం వద్దు. సోల్డరు తీగను నోట్లో పెట్టుకోవడం అసలే వద్దు.

4. పని ముగిశాక సబ్బుతో, నీళ్ళతో చేతులు, ముఖం కడుక్కోవాలి. శానిటైజరు క్రిములను చంపుతుంది గాని సీసాన్ని తీయదు.

5. పని చొక్కా, చెప్పులు గుమ్మం బయటే విడవాలి. ఆ బట్టలను బిడ్డ బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి.

6. ఆ చోటును పొడి చీపురుతో ఊడ్చవద్దు, పొడి గాలిలోకి లేస్తుంది. తడిగుడ్డతో తుడవండి. ఆ గుడ్డను ఇంకెందుకూ వాడవద్దు.

7. బ్యాటరీని ఇంట్లో విప్పనివ్వకండి. పాత బ్యాటరీని అమ్మిన అంగడికే తిరిగి ఇవ్వండి. దాన్ని వెనక్కు తీసుకునే బాధ్యత 2001 నుండి నిబంధనల్లో ఉంది. 2022లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి.

8. బిడ్డలకు వేళకు అన్నం పెట్టండి. ఖాళీ కడుపున సీసం ఎక్కువగా ఎక్కుతుంది. ఆకుకూరలు, రాగులు, పాలు, గుడ్లు, జామ, ఉసిరి పెట్టండి. ఇవి సీసానికి విరుగుడు కావు గాని, అది ఎక్కడాన్ని తగ్గిస్తాయి.

9. వైద్యుని దగ్గరికి వెళ్ళినప్పుడు, ఆయన అడగకపోయినా, ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో చెప్పండి. "మావారు బ్యాటరీల పని చేస్తారండీ" అనే ఒక్క మాట నాకు ముందే తెలిసి ఉంటే ఆ బిడ్డకు నాలుగు నెలలు కలిసి వచ్చేవి.

వైద్యం ఏమిటి?

సీసానికి మొదటి వైద్యం, అది వచ్చే దారిని మూయడం. రక్తంలో 45 మైక్రోగ్రాములు దాటిన పిల్లలకు సీసాన్ని బయటికి తెచ్చే మందులు ఆసుపత్రిలో ఇస్తారు. కాని దారి మూయకుండా మందు ఇస్తే, కుండకు చిల్లి ఉంచి నీళ్ళు పోసినట్టే. రక్తంలోని సీసం సుమారు నెలకు సగం చొప్పున తగ్గుతుంది. ఎముకల్లో చేరినది మాత్రం ఎన్నో సంవత్సరాలు ఉండిపోయి, కొద్దికొద్దిగా మళ్ళీ రక్తంలోకి వస్తుంది. అందుకే పరీక్షలు మళ్ళీ మళ్ళీ చేయించాలి.

ఆ బిడ్డ

ఆ రోజు వసారాలో తండ్రి నా మాటలన్నీ నిలబడి విన్నాడు. తన చేతుల వంక చూసుకుంటూ, "సాయంత్రం కాగానే వాడు పరుగెత్తుకొచ్చేవాడండీ. చేతులు కడుక్కునేదాకా కూడా ఆగలేక ఎత్తుకునేవాణ్ణి" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. నాకూ ఏమీ చెప్పాలో తోచలేదు.

ఆ వారమే అతను పనిని ఊరి చివర రేకుల షెడ్డులోకి మార్చాడు. బ్యాటరీలు విప్పడం మానేశాడు. వసారాను తడిగుడ్డలతో కడిగి తుడిచి, గచ్చు కొత్తగా పోయించారు. ఆ చెక్కబండిని నాయనమ్మే పారవేసింది. నెలలు గడిచేకొద్దీ బిడ్డ రక్తంలో సీసం తగ్గుతూ వచ్చింది. కడుపునొప్పి పోయింది. మాటలు మళ్ళీ వచ్చాయి. ఇప్పుడు బడికి వెళుతున్నాడు. లెక్కల్లో కొంచెం వెనుకబడుతున్నాడని తల్లి చెప్పింది. అది సీసం వలననా, కాదా అని అడిగింది. నేను చెప్పలేకపోయాను. సీసం చేసిన హాని అంతా తిరిగి వస్తుందని ఏ వైద్యుడూ మాట ఇవ్వలేడు. రాకుండా చూసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది.

తండ్రి ఇప్పటికీ పాత బండ్లకు వైరింగ్ చేస్తున్నాడు. మంచి పనివాడని పేరుంది. షెడ్డు గుమ్మం దగ్గర ఒక బకెట్టు, సబ్బు, ఉతికిన చొక్కా పెట్టుకుంటాడు. అవి చూసి నవ్వినవారికి కారణం చెబుతాడట. ఆ విధంగా నా కంటే అతనే ఎక్కువమందికి ఈ ప్రసంగం చేశాడు.

సహోదరీ సహోదరులారా, మీరు ఇళ్ళకు వెళ్ళాక మీ వీధిలో పాత బండి విప్పుకుని కూర్చున్న కుర్రవాడు కనిపిస్తే, అతనికి ఈ నాలుగు మాటలు చెప్పండి. చేతులు కడుక్కో, చొక్కా మార్చుకో, ఆ తరువాత బిడ్డను ఎత్తుకో అనండి.

మీ రోగులకు స్వస్థతను, మీకు ధైర్యమును ప్రభువు దయచేయును గాక. మీ ఇండ్లను, మీ చేతిపనులను ఆయన దీవించును గాక.